చూసి చెప్పే మనిషి

ఏఎస్ పేట దర్గా దారిలో ఏ పూట నిలబడినా తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడం కలగలిసి వినిపిస్తాయి. ఖాజా నాయబ్ రసూల్ సన్నిధికి జనం కులమతాలు చూసుకోకుండా వస్తారు. బిడ్డకి పెళ్లి కుదరలేదని ఒకరు, మనసు నిలకడగా లేదని ఒకరు, పెట్టిన కొట్టు కలిసిరాలేదని ఇంకొకరు. వాళ్లతో కాసేపు మాట కలిపి చూడండి. మొక్కుతోపాటు వాళ్లు వెతుక్కుంటున్నది తమ గోడు చివరిదాకా వినే మనిషిని. సూఫీల దారిలో ముర్షిద్ లేనిదే మురీద్ లేడు. గురువు కళ్ల ముందు నడిస్తేనే శిష్యుడి నడక నడక.

ఈ సంగతి ఎందుకెత్తానంటే, ఆత్మకూరు, ఉదయగిరి వైపు కుర్రాళ్లు ఈమధ్య తరచూ ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సక్సెస్ కోచ్ అంటా ఉన్నారే, అట్టాంటి మనిషిని పెట్టుకుంటే నిజంగా లాభమేనా? పుస్తకాలు చదువుకుంటే, వీడియోలు చూస్తే చాలదా?" అని. మంచి ప్రశ్న. తీరిగ్గా మాట్లాడుకుందాం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. లాభమే, చాలా లాభం. పుస్తకం అందరికీ ఒకే మాట చెబుతుంది. యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ చదివి ఉత్సాహపడని తెలుగు కుర్రాడు అరుదు. ఆ ఉత్సాహం విలువైనదే. కానీ మీరు మూడో మెట్టు దగ్గర ఎందుకు ఆగిపోయారో పుస్తకానికి కనిపించదు. పక్కనుండి మిమ్మల్ని చూస్తున్న మనిషికి కనిపిస్తుంది.

ఒకసారి ఉదయగిరి కొండ వైపు తల తిప్పండి. 1513లో కృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని ముట్టడించాడు. అప్పుడది గజపతుల చేతిలో ఉంది. నిటారు కొండ, ఇరుకు దారులు. ఏడాదికి పైగా కోట లొంగలేదు. 1514లో పట్టుబడ్డాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి అక్కడ గుడి కట్టించాడు రాయలు. అంతటివాడు తన మంత్రి తిమ్మరుసుని ‘అప్పాజీ’ అని పిలిచేవాడు. చక్రవర్తికి సైన్యం కొదవ లేదు, పొగిడేవాళ్ల కొదవ అసలే లేదు. "ఇది కాదు నాయనా" అని ధైర్యంగా చెప్పగల పెద్ద ఒక్కడు కావాలి. కొలువులో వందమంది చెప్పలేని మాట ఆ ఒక్కడు చెబుతాడు. పాలించేవాడికే అంత అవసరమైతే, ఇప్పుడిప్పుడే బతుకు మొదలుపెట్టినవాడికి ఎంత అవసరం?

మన పక్క జిల్లా మనిషి పుల్లెల గోపీచంద్‌నే తీసుకోండి. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టాడు. మోకాలి దెబ్బలు తట్టుకుని లేచి 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకొనే గెలిచాక మళ్లీ ఆ టైటిల్ మన దేశానికి తెచ్చింది ఈయనే. ఆట ముగిశాక హైదరాబాదు గచ్చిబౌలిలో అకాడమీ కట్టాడు. అందుకోసం సొంత ఇల్లు తాకట్టు పెట్టాడు. 2008లో ఆ అకాడమీ తలుపులు తెరుచుకున్నాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా కంచు పతకం, 2016 రియో ఒలింపిక్స్‌లో సింధు వెండి పతకం ఆయన చేతికింద వచ్చినవే.

సింధు విషయంలో ఆయన చేసిన పని గమనించండి. ఆ అమ్మాయికి ఎత్తుంది, బలముంది, తెల్లవారకముందే లేచి వచ్చే పట్టుదల ఉంది. లేనిదల్లా కోర్టులో గొంతెత్తి గర్జించే స్వభావం. సిగ్గరి. ఆయన తోటి ఆటగాళ్లందరినీ చుట్టూ నిలబెట్టి, మధ్యలో ఆమెను ఉంచి, గట్టిగా అరవమన్నాడు. అరిచేదాకా రాకెట్ పట్టనివ్వనన్నాడు. ఏడ్చింది, అయినా చివరికి అరిచింది. రియోకి ముందు మూడు నెలలపాటు ఆమె ఫోన్ తీసుకుని దగ్గర పెట్టుకున్నాడు. ఐస్‌క్రీమ్ కూడా మాన్పించాడు. పతకం వచ్చాక ఫోన్ ఇచ్చేశాడు, ఐస్‌క్రీమ్ తినమన్నాడు. వీటిలో బ్యాడ్మింటన్ పాఠం ఒక్కటైనా ఉందా? లేదు. ఆ పిల్లలో ఏది అడ్డుపడుతోందో కనిపెట్టి దాన్ని తొలగించడం ఉంది. అందరికీ ఒకే మందు ఇచ్చేవాడు ఈ పని చేయలేడు. ఒక్క మనిషిని ఏళ్ల తరబడి చూసినవాడే చేయగలడు.

"వాళ్లంటే చిన్నప్పటినుంచీ నేర్చుకునేవాళ్లు, నాకు పనంతా వచ్చు" అంటారా? అమెరికాలో అతుల్ గవాండే అని పేరున్న సర్జన్, రచయిత. ఎన్నో ఏళ్లు ఆపరేషన్లు చేశాక తన పని ఇక మెరుగవడం లేదని ఆయనకే అనిపించింది. తనకు పాఠాలు చెప్పి రిటైరైన రాబర్ట్ ఆస్టీన్‌ను పిలిచి, ఆపరేషన్ థియేటర్‌లో ఊరికే నిలబడి చూడమన్నాడు. పెద్దాయన చిన్న నోటుబుక్కుతో ఒక మూల నిలబడ్డాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ పుస్తకం నిండా రాతలు. మోచెయ్యి మరీ పైకి లేస్తోంది, అప్పుడు చేతికి పట్టు తప్పుతుంది. పైనున్న దీపం కోత మీదనుంచి పక్కకు జరిగినా చాలాసేపు చూసుకోలేదు. ఈ అనుభవాన్ని గవాండే 2011లో న్యూయార్కర్ పత్రికలో రాశాడు. అంత చేయి తిరిగిన డాక్టరుకీ తన మోచెయ్యి తనకు కనిపించలేదు. మీకూ నాకూ మాత్రం ఎట్టా కనిపిస్తుంది?

ఇంకొక పిల్ల ఉంది, మలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల తండా బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు ఇంకా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెకు భువనగిరి కొండ మీద తొలి పాఠాలు నేర్పింది శేఖర్‌బాబు, తనే 2007లో ఎవరెస్ట్ ఎక్కినవాడు. తండాలో పుట్టిన పిల్లకి బలం దేవుడిచ్చాడు, దారి తెలిసిన మనిషిని గురుకులం ఇచ్చింది. రెండోది లేకపోతే మొదటిది ఎవరికీ తెలియకుండానే పోయేది. మన మెట్ట ఊళ్లలో అట్టా పోయిన పిల్లలు ఎంతమందో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

అయితే కోచ్ దగ్గర కూర్చుంటే ఏం జరుగుతుంది? మంచి కోచ్ ఎక్కువ మాట్లాడడు. జాన్ విట్‌మోర్ అని ఒకప్పటి కారు పందేల డ్రైవరు, 1992లో ఈ పని మీద పుస్తకం రాసినవాడు, నాలుగు ప్రశ్నల పద్ధతిని జనంలోకి తెచ్చాడు. నీకేం కావాలి? ఇప్పుడు ఎక్కడున్నావు? నీ ముందు ఏ దారులున్నాయి? వాటిలో ఏది, ఎప్పటిలోగా చేస్తావు? గ్రూప్స్ రాసే కుర్రాడు "బాగా చదువుతున్నా సార్" అంటాడు. "నిన్న ఎన్ని గంటలు చదివావు? ఏ పాఠం? ఎక్కడ ఆగావు?" అని కోచ్ అడుగుతాడు. అప్పుడు కుర్రాడికే తెలుస్తుంది, ఆర్థికశాస్త్రం అంటే భయపడి నెలనుంచి ఆ పుస్తకం తెరవలేదని. వచ్చే ఆదివారానికి రెండు అధ్యాయాలు అని మాట ఇస్తాడు. ఆదివారం ఫోన్ వస్తుంది. అడిగేవాళ్లు ఉన్నారంటే మనిషి మాట మీద నిలబడతాడు. సగం విలువ ఆ ఫోన్‌లోనే ఉంది.

డబ్బిచ్చి పెట్టుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ వంటి సంస్థలు పత్రాలు ఇస్తాయి. వాళ్ల మొదటి మెట్టుకే కనీసం 100 గంటల కోచింగ్ అనుభవం చూపించాలి. ఎన్ని గంటలు చేశారో, ఎవరికి చేశారో అడగండి. "మూడు రోజుల్లో కోటీశ్వరుణ్ణి చేస్తా" అనేవాడి గడప తొక్కవద్దు. మీ గురించి కాక తన గురించే మాట్లాడేవాడి దగ్గర రెండోసారి కూర్చోవద్దు. ఏళ్ల తరబడి తన అవసరం తీరకుండా చూసుకునేవాడు కోచ్ కాడు. మంచి కోచ్ ఒకనాటికి "ఇక నీ అంతట నువ్వు నడవగలవు" అంటాడు.

ఇంకొక మాట, ఇది మరీ ముఖ్యం. నిద్ర లేక, తిండి సయించక, బతకాలనే అనిపించని స్థితిలో ఉన్న మనిషికి కావలసింది కోచ్ కాదు, డాక్టరు. మనసు బాగాలేనప్పుడు ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416. రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. దర్గాలో దువా చేయించినవాళ్లు కూడా ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఒకటి రెండోదానికి అడ్డం కాదు.

"ఇదంతా డబ్బున్నవాళ్ల యవ్వారం, మా బోటివాళ్లకి ఎవరున్నారు?" అని అడిగేవాళ్లకు నా మాట ఇది. మనకు దగ్గరలోనే ఉన్నారు. రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు. ఇరవయ్యేళ్లుగా వ్యాపారం నడుపుతున్న కొట్టు యజమాని ఉన్నాడు. బ్యాంకులో మేనేజరు దాకా ఎదిగిన మేనత్త ఉంది. వాళ్ల దగ్గరికి పోయి "నెలకి రెండుసార్లు అరగంట నా పని చూడండి, తప్పు కనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి" అని అడగండి. అడిగితే కాదనేవాళ్లు మన వైపు తక్కువ. చెప్పింది చేసి చూపించండి, అదే వాళ్లకు మీరిచ్చే ఫీజు.

ఇక చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాదులో స్థిరపడిన మన ఆత్మకూరు, ఉదయగిరి, ఏఎస్ పేట బిడ్డలారా! ఊరికి గుడో మసీదో కట్టించాలనుకుంటారు, సంతోషం. దానితోపాటు మీ ఊరి బళ్లోంచి ఒక్క పిల్లనో పిల్లవాణ్ణో ఎంచుకోండి. వారానికి ఒక్క ఫోన్, అరగంట. ఏం చదివావు, ఎక్కడ ఆగావు, వచ్చే వారానికి ఏం చేస్తావు అని అడగండి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.