సైకిల్ మీద రాయగడ, కోరాపుట్

నేను చదివింది ఐదో తరగతి. హుగ్లీ ఒడ్డున జూటు మిల్లులో ముప్పై ఆరేళ్లు మగ్గం మీద పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నాకు అరవై ఆరేళ్లు. పోయిన నవంబరులో సైకిలు మీద రాయగడ, కోరాపుట్ కొండలు చుట్టి వచ్చాను. ఆ సంగతి రాయమని మన లైన్లలో పిల్లలు అడిగితే రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ముందు అసలు ఎందుకు వెళ్లానో చెప్పాలి. మా చెల్లెల్ని కోరాపుట్ జిల్లా లక్ష్మీపూర్‌లో ఇచ్చాం. మా బావ అక్కడ బట్టలు కుట్టేవాడు. ఆరేళ్ల కిందట ఆయన చనిపోయాడని కబురొచ్చింది. ఆ వారమే మిల్లు గేటుకు నోటీసు అంటించారు. పని నిలిపేశారు. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అంటున్నారు. తెరిచిన రోజు గేటు దగ్గర లేకపోతే పేరు పోతుందేమోనని భయం. చేతిలో రైలు ఖర్చు కూడా లేదు. నేను వెళ్లలేదు. దినానికీ వెళ్లలేదు. ఆ తరవాత చెల్లెలు నాతో మాటలు మానేసింది. తప్పు నాదే కాబట్టి నేనూ ఫోను చెయ్యలేకపోయాను.

రిటైరయ్యాక కూడా ఏడాది ఊరుకున్నాను. ఒక రోజు సైకిలు తుడుస్తుంటే, దీని మీదే వెళ్దామనిపించింది. ముప్పై ఏళ్లు నన్ను షిఫ్టుకు మోసిన సైకిలు అది. గేరు లేదు, రాడ్ బ్రేకులు. హౌరాలో రైలుకి పార్సిలు వేసి విజయనగరంలో దింపుకున్నాను. పార్వతీపురంలో మేనల్లుడి ఇంటి దగ్గర చైను మార్పించి, కొత్త ట్యూబులు రెండు, పంపు, పంచరు సామాను, బ్రేకు రబ్బర్లు కట్టుకుని ఆదివారం తెల్లారగట్ల బయల్దేరాను. "మావా, రైలుంది కదా, ఈ వయసులో ఇదేటి?" అని వాడు గోల పెట్టాడు. రైలైతే తొందరగా దిగిపోతాను రా, చెల్లెలికి ఏం చెప్పాలో ఆలోచించుకోడానికి టైము కావాలి అన్నాను.

కొమరాడ, కూనేరు దాటి రాయగడ దారి. నాగావళి నది కలహండి కొండల్లో పుట్టి రాయగడ మీదుగానే మన వైపు దిగుతుంది. మన కింది ఊళ్లు తాగే నీళ్లకు నేను ఎదురు వెళ్తున్నానన్నమాట. వరి కోతలవుతున్నాయి. మధ్యాహ్నానికి రాయగడ చేరాను. అక్కడ మనవాళ్లకి కొత్త ఉండదు. కొట్లో తెలుగు, హోటల్లో తెలుగు, మజ్జిగౌరి అమ్మవారి గుడిలో మన విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు. ఎందుకంటే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ కొండలన్నీ మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేవి. తరవాత అంతా కోరాపుట్ జిల్లా అయ్యింది. 1992లో రాయగడను వేరే జిల్లా చేశారు. ఇక్కడి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చినవారు. మన పిల్లల చదువులకు ఈ కొండల సొమ్ము కూడా పడిందని పెద్దలు చెప్పుకోవాలి.

ఊరికి దగ్గర్లో జేకేపూర్ కాగితం మిల్లుంది. సాయంత్రం షిఫ్టు దిగినవాళ్లు సైకిళ్ల మీద వస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఒకతను ఆగి "ఎవరు కావాలి బాబూ?" అన్నాడు. ఎవరూ వద్దు, నేనూ మిల్లువాణ్ణే అన్నాను. టీ తాగించి, రాత్రి వాళ్ల అరుగు మీదే పడుకోమన్నాడు. ఏ మిల్లైనా గేటు దగ్గర మనుషులు ఒకటే.

రాయగడ నుంచి కోరాపుట్ నూరు కిలోమీటర్లకు పైనే. రాయగడ సముద్రానికి రెండు వందల మీటర్ల పైచిలుకు ఎత్తయితే, కోరాపుట్ 870 మీటర్లు. సోమవారం కెరడా, కుంభికోట మీదుగా ఎక్కుడు. మొదటి గంటలోనే ఊపిరందలేదు. నార దుమ్ము పీల్చిన గుండె కదా. సిగ్గుపడి తొక్కుదామని చూశాను, కాళ్లు వణికాయి. దిగి తోశాను. తలమీద కట్టెల మోపుతో నడుస్తున్న కొండ ఆడవాళ్లు నన్ను దాటిపోయి నవ్వారు. నేనూ నవ్వాను.

అక్కడ ఒకటి తెలిసింది. మిల్లులో మగ్గం ఎంత వేగం అంటే నా చెయ్యి అంత వేగం. దారం తెగితే పరిగెత్తాలి, ఒంటికి వెళ్లాలన్నా పక్కవాడికి చెప్పి పరిగెత్తాలి. ఈ కొండ మీద నన్ను తరిమేవాడు లేడు. ఆగితే ఆగాను, తోస్తే తోశాను. ముప్పై ఆరేళ్లలో ఒక రోజంతా నా వేగంతో నేను నడిచింది అదే మొదటిసారి. ఏటవాలు పొలాల నిండా వలిసెల పూలు పచ్చగా విరగబూశాయి. వాటి పక్కన ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు.

పొద్దుగూకే వేళకి లక్ష్మీపూర్ చేరాను. దారంతా కూడబలుక్కున్న మాటలు ఇల్లు కనబడగానే పోయాయి. చెల్లెలు చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూసింది, సైకిల్ని చూసింది. చాలాసేపు ఏం అనలేదు. తరవాత "ఆరేళ్లు పట్టిందా అన్నియ్యా, నీకు ఈ కొండెక్కడానికి?" అంది. నా దగ్గర జవాబు లేదు. గేటు, నోటీసు, డబ్బులు అన్నీ చెప్పొచ్చు. చెప్పలేదు. "తప్పయిపోయిందమ్మా" అన్నాను. కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చింది. రాగంబలి పోసింది. అక్కడివాళ్లు దాన్ని మాండియా పేజ్ అంటారు. బావ కుట్టు మిషను ఇంకా గుమ్మం పక్కనే ఉంది. ఇప్పుడు చెల్లెలే దాని మీద జాకెట్లు కుడుతోంది. మర్నాడంతా ఆ మిషనుకి నూనె వేసి, బెల్టు బిగించి, ఆమె పక్కన కూర్చున్నాను. మిషను బాగుచెయ్యడం తప్ప నాకు వేరే విద్య రాదు. సాయంత్రానికి బావ ఆఖరి రోజుల గురించి తనే చెప్పడం మొదలుపెట్టింది. నేను విన్నాను.

బుధవారం బయల్దేరుతుంటే బావ మఫ్లరు తెచ్చి నా మెడకు చుట్టింది. "కోరాపుట్‌లో చలి ఎక్కువ" అంది. కాకిరిగుమ్మ మీదుగా కోరాపుట్ వెళ్లేసరికి నిజంగానే ఆ మఫ్లరే కాపాడింది.

కోరాపుట్‌లో గుట్ట మీద జగన్నాథుడి గుడి ఉంది. శబర శ్రీక్షేత్రం అంటారు. ఆ ఆవరణలోనే గిరిజనుల మ్యూజియం. అక్కడ ఒక గుడ్డ దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. గదబ ఆడవాళ్లు కట్టే కెరంగ్ చీర. కెరంగ్ అనే మొక్క బెరడు నుంచి నార తీసి, వడికి, రంగులద్ది, చిన్న మగ్గం మీద ఇంట్లోనే నేస్తారు. ఎరుపు, తెలుపు, నీలం చారలు. మనం నారతో గోనెసంచులు నేశాం. వాళ్లు నారతో చీర నేసి కట్టుకున్నారు. మన సంచి ఎవరి ధాన్యం మోసిందో మనకి తెలీదు. ఆ చీర మాత్రం నేసినామె ఒంటి మీదే ఉంటుంది. దాని చారలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. అంచు ఎక్కడా వంకర పోలేదు.

శుక్రవారం సెమిలిగుడ దాటి కుందులి సంత చూశాను. ఆ చుట్టుపక్కల అంత పెద్ద సంత లేదంటారు. అల్లం, కాలీఫ్లవరు, చింతపండు, రాగులు, కోళ్లు. కొండ మీంచి రాత్రంతా నడిచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. బేరం ఒడియాలో, తెలుగులో, వాళ్ల భాషల్లో. అటువైపే ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1672 మీటర్లు. నేను కింద నుంచే దణ్ణం పెట్టాను. రాత్రికి పొట్టంగిలో టీ కొట్టు బల్ల మీద పడుకున్నాను. కొట్టతను కొటియా ఊళ్ల సంగతి చెప్పాడు. ఆ ఇరవై ఒక్క ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ 1968 నుంచి కోర్టుకెక్కాయి. "ఇద్దరూ మా వాళ్లంటారు, రోడ్డు మాత్రం ఆలస్యంగా వస్తుంది" అని అక్కడివాళ్లు నవ్వుతారట.

శనివారం సుంకి ఘాటు దిగుడు. ఎక్కుడు కన్నా దిగుడే ప్రమాదం. రాయపూర్, విశాఖ లారీలన్నీ ఈ దారినే. వంపుకొకసారి ఆగి, రిమ్ము చల్లారేదాకా కూర్చుని, మళ్లీ దిగాను. ఒక జత బ్రేకు రబ్బర్లు పూర్తిగా అరిగిపోయాయి. కింద సాలూరు కనబడింది. లారీల ఊరు కదా, సుత్తి చప్పుళ్లు దూరం నుంచే వినిపించాయి. వారం రోజుల నిశ్శబ్దం తరవాత ఆ మోత వింటే మిల్లు గుర్తొచ్చింది.

మన లైన్లలో రిటైరైనవాళ్లకు నా మాట. సైకిలు పాతసామానువాడికి అమ్మకండి. నవంబరు, డిసెంబరుల్లో వెళ్లండి, వానాకాలం వద్దు. బ్రేకు రబ్బర్లు రెండు జతలు పెట్టుకోండి. చీకటి పడ్డాక తొక్కకండి. ఊపిరి ఆడకపోతే దిగి తొయ్యండి, దానికి సిగ్గుపడక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, మిల్లు గేటు వల్ల మీరు వెళ్లలేకపోయిన ఇల్లు ఏదైనా ఉంటే మొదట అక్కడికే వెళ్లండి. నాకు ఆరేళ్లు పట్టింది. మీరు అంత ఆగకండి.

చెల్లెలు ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. మొన్న అడిగింది, "అన్నియ్యా, మిషను బెల్టు మళ్లీ వదులైంది, ఎప్పుడొస్తావు?" అని. చైనుకి నూనె వేసి ఉంచాను.