అమ్మ ఎదురుచూపు

పిల్లలూ! నేను ముప్పై అయిదేళ్ళు బడిపంతులుగా పనిచేశాను. ఒకే లెక్కను పదిసార్లు అడిగిన పిల్లవాణ్ణి కూడా ఏనాడూ కసురుకోలేదు. నాకు ఓర్పు ఎక్కువని కొంచెం గర్వంగా ఉండేది. ఆ గర్వం మా అమ్మ దగ్గర పోయింది.

అమ్మకు ఎనభై ఎనిమిదేళ్ళు. రోజూ సాయంత్రం నాలుగు కాగానే అరుగు మీద కూర్చుని, "బడి వదిలారా, నాయనా? మా అబ్బాయి ఇంకా రాలేదు," అంటుంది. ఆ అబ్బాయిని నేనే! "నేనేనమ్మా నీ కొడుకును," అంటే నా నెరిసిన జుట్టుకేసి భయంగా చూస్తుంది. రెండు నిమిషాలకు మళ్ళీ అదే ప్రశ్న. రాత్రివేళ లేచి, బడికి పోయి నన్ను తీసుకురావాలని వీధి తలుపు గడియ తీస్తుంది. అందుకని నేనూ, మా ఇంటావిడా వంతులవారీగా తలుపు దగ్గర పడుకుంటున్నాము.

ఇది ఉత్త ముసలితనపు మరుపు కాదు, జబ్బు. 1906లో జర్మనీలో అల్జైమర్ అనే వైద్యుడు దీన్ని మొదటిసారి వివరించాడు. అందుకే దీనికి ఆయన పేరు పెట్టారు. మన మెదడులో హిప్పోకాంపస్ అనే చిన్న భాగం ఉన్నది. కొత్త సంగతులు జ్ఞాపకం ఉండాలంటే అది సరిగా పనిచేయాలి. ఈ జబ్బు సాధారణంగా ముందు ఆ చోటునే పాడుచేస్తుంది. అందువల్ల పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు గాని, అరవై ఏళ్ళనాటి బడిగంట గుర్తుంటుంది. దీన్ని పూర్తిగా కుదిర్చే మందు ఇప్పటికీ లేదు.

ఇదంతా తెలిసి కూడా, నిద్రలేని ఒక రాత్రి గడిచిన మర్నాడు, "ఎన్నిసార్లు చెప్పాలి?" అని అమ్మ మీద కేక వేశాను. అమ్మ దెబ్బతిన్న పసిపిల్లలాగా ముడుచుకుపోయింది. కాసేపటికి కేక సంగతి మరిచిపోయింది గాని, కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నది. నేను దొడ్లోకి పోయి ఏడ్చాను. ఎదుటనే ఉన్న అమ్మ కోసం బెంగపెట్టుకోవటం చాలా కష్టం, పిల్లలూ!

తిరిగి వచ్చేసరికి, నాలుగో తరగతి చదివే మా మనమరాలు అమ్మ పక్కన కూర్చుని ఉన్నది. "తాతమ్మా, మీ అబ్బాయి దోవలో ఉన్నాడు. వచ్చేలోగా మనం చిక్కుడుకాయలకు ఈనెలు తీద్దాం," అన్నది. అమ్మ చేతులు ఆ పని మరిచిపోలేదు. చకచకా ఈనెలు తీస్తూ, "మా వాడికి ఈ కూరంటే ఇష్టం," అని నవ్వింది. అమ్మకు కావలసింది కాస్త ధైర్యమని ఆ పసిదానికి తెలిసింది. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన నాకు తెలియలేదు.

మీ ఇంట ఇటువంటి పెద్దవారుంటే, అడిగిందే అడుగుతున్నారని నవ్వకండి. వారిని కనిపెట్టుకుని ఉండే మీ అమ్మో నాన్నో ఎప్పుడైనా విసుక్కుంటే, అది అలసట అని గ్రహించండి. ఒక గంట వాళ్ళను పడుకోనిచ్చి, ఆ గంటసేపు మీరు పక్కన కూర్చోండి. అంతకన్న పెద్ద సాయం లేదు.

ఇక ఉంటాను. నాలుగు కావస్తున్నది. అరుగు మీద అమ్మ పక్కన కూర్చుని, ఆ అబ్బాయి కోసం నేను కూడా ఎదురుచూడాలి.