కొయ్య ముఖం, ఊరి ప్రాణం

పశ్చిమ ఆఫ్రికాలోని నైజీరియా, బెనిన్ దేశాల్లో యొరుబా ప్రజలు గెలెడే పండుగ చేస్తారు. ఆదితల్లిని, ఊరి ముసలి తల్లులను అందులో కొలుస్తారు. తల్లుల శక్తి ఊరిని నిలబెడుతుంది, కోపం వస్తే కూలుస్తుందని వారి నమ్మకం. అందుకే మగవాళ్లు ఆడవేషం కట్టి, చెక్కిన కొయ్య ముఖాన్ని నెత్తిన పెట్టుకుని జంటగా ఆడతారు. కింద ప్రశాంతమైన ముఖం. దానిపైన పామో, పక్షో, కుట్టుమిషనో కూడా ఉంటుంది. రాత్రి పాటల్లో ఊరి తప్పులను ఎగతాళి చేస్తారు. 2008లో యునెస్కో జాబితాకెక్కిన పండుగ ఇది.

మ్యూజియం అద్దాల వెనుక ఉన్నది కొయ్య మాత్రమే. ఆట, పాట, ఊరు కలిస్తేనే గెలెడే.

మన గుస్సాడీ నెమలి ఈకల కిరీటమూ అంతే. దండారి రోజుల్లో దాన్ని పెట్టుకున్నవారికి మనం మొక్కుతాం. బడి వేడుకల్లో దాన్ని డ్రెస్సు అంటున్నారు. పిల్లలకు ముందు దాని నియమం చెబుదాం, ఆ తర్వాతే అడుగులు నేర్పుదాం.