సంచి మూతయు, దానిని తెరచు చేయియు

సంచి కుట్టనేర్చిన స్త్రీలు మన గ్రామ సంఘములలో అనేకులున్నారు. గుడ్డ కత్తిరించి, లోపల అస్తరు వేసి, రెండు పిడులు కుట్టి, ఒక్క పూటలో సంచిని ముగింపగలరు. అయితే దాని నోటికి ఏమి అమర్చవలెనను ప్రశ్న వచ్చినప్పుడు మాత్రము, అంగడిలో ఏది చౌకగా దొరికిన దానినే తెచ్చి కుట్టివేయుచుందుము. గుడ్డ యెంత గట్టిదైనను నోరు నిలువనియెడల లోపలి సొమ్ము నిలువదు. ఓటి సంచిలో కూలి వేసికొనువాని సంగతి హగ్గయి ప్రవక్త దినములనుండి మనుష్యులు ఎరిగినదే. కాబట్టి ప్రియ చదువరులారా, 20 ఏండ్లుగా సంచులు కుట్టుచున్నదానిగా ఈ చిన్న సంగతినిగూర్చి నాకు తెలిసినది వ్రాయుచున్నాను.

మన అవ్వల కాలములో బొందు సంచియే యుండెను. నోటి చుట్టు మడత కుట్టి, రెండు బొందులను ఎదురెదురుగా ఎక్కించి లాగినయెడల అది ముడుచుకొనును. వక్కలకును చిల్లరకును అది చాలియుండెను. టిచ్ బటన్ అని మనము పిలుచు నొక్కు గుండీకి 1885వ సంవత్సరములో జర్మనీ దేశస్థుడైన హెరిబర్ట్ బాయర్ పేటెంటు పొందెను. గిడియన్ సుండ్‌బాక్ అను ఇంజనీరు 1913వ సంవత్సరములో జిప్పును ఇంచుమించు నేడు మనము చూచు రూపమునకు తెచ్చెను. వెల్క్రో కథ ఇంకను వింతయైనది. ఉత్తరేణి గింజలు చీర కుచ్చెళ్లకు పట్టుకొనుట మనమందరము చూచితిమి గదా! స్విట్జర్లాండు దేశమందు జార్జ్ ది మెస్ట్రల్ అను ఆయన, 1941వ సంవత్సరములో తన బట్టలకును కుక్క బొచ్చుకును అటువంటి ముండ్లకాయలు అంటుకొనుట చూచి, వాటి చిన్న కొక్కెములను పరీక్షించి, ఆ పట్టీని కనుగొనెను.

ఇక ఒక్కొక్కదాని గుణము చూతము. టిచ్ బటన్‌కు గుబ్బ యొకటి, గుంట యొకటి యుండును. మొదట గుబ్బను కుట్టి, దానికి సుద్ద రాసి ఎదుటి గుడ్డమీద నొక్కినయెడల గుంటను కుట్టవలసిన చోటు సరిగా తెలియును. ఒక్కొక్క రంధ్రములో నాలుగైదు కుట్లు వేయుడి. గుండీ వెనుక చిన్న గుడ్డ అతుకు పెట్టనియెడల, లాగినప్పుడెల్ల బరువంతయు ఒకే చోట పడి గుడ్డ చినుగును. సుత్తితో బిగించు గుండీలకు, గుడ్డ మందము వాటి కాలికి తగినంత యుండవలెను. పలుచనిదైనచో లోపల మరియొక పొర చేర్చవలెను. ఇనుప గుండీలు మన తడి నేలలలో త్రుప్పుపట్టి గుడ్డకు మరక చేయును. ఇత్తడివి అట్లు త్రుప్పుపట్టవు. అంగడికి పోవునప్పుడు చిన్న అయస్కాంతమును తీసికొనిపోవుడి. పైపూత యెట్లు మెరసినను, లోపల ఇనుమున్నయెడల అది పట్టుకొనును; ఇత్తడిని పట్టుకొనదు.

టిచ్ బటన్‌కు ఒక లోపమున్నది. నోటి మధ్య ఒక్కటి కుట్టినయెడల ఇరుప్రక్కల సందు మిగులును, ఆ సందులోనుండి చిల్లర జారును. జిప్పు ఆ కొననుండి ఈ కొనవరకు మూయును. అది బిగిసిపోయినప్పుడు క్రొవ్వొత్తి మైనమునుగాని ఎండు సబ్బునుగాని పండ్లమీద రాయుడి. వెల్క్రో ఒక చేతితోనే తెరచుకొనును. అయితే దాని గరుకు వైపున దూది, వెండ్రుకలు చేరి పట్టు పోవును గనుక పాత పండ్ల బ్రష్షుతో అప్పుడప్పుడు శుభ్రము చేయవలెను. ఉతుకునప్పుడు మూసి ఉతుకవలెను. గరుకు వైపును చీరకు తగులనిచోట కుట్టుడి, లేనియెడల పోగులు లాగివేయును.

మా సంఘ స్త్రీల కుట్టుపని గుంపులో గత సంవత్సరము క్రిస్మసునకు ముందు, వృద్ధులకు 40 సంచులు కుట్టవలెనని తీర్మానమైనది. చుట్టును దారపు లేసు అంచు వేయవలెననియు అనుకొంటిమి. మూతకు ఏమి వేయుదుమనగా, పడుచువారు అయస్కాంతపు గుండీలే అందమనిరి. తక్కినవారు టిచ్ బటన్లు చాలుననిరి.

మా గుంపులో ఒక మామ్మగారున్నారు. యౌవనమందు ఆమెకు కుష్ఠువ్యాధి సోకెను. మందులతో అది పూర్తిగా నయమై చాల ఏండ్లయినది. ఆమెవలన ఎవరికిని వ్యాధి అంటదు. అయితే వ్యాధి నరములను చెరిపినందున వ్రేళ్లు వంగిపోయి, స్పర్శ తెలియకున్నది. మందులు వ్యాధిని తీసివేసినను ఆమె నరములకు కలిగిన నష్టము పోలేదు. మేము మాటలాడుచుండగా ఆమె బల్లమీది మచ్చు సంచిని దగ్గరకు లాగుకొని తెరువ జూచెను. గుండీ రాకపోగా పండ్లతో పట్టి లాగెను.

“ఏంటి మామ్మగారూ, పళ్లతో తీస్తున్నారు?” అని ఒక పిల్ల అడిగెను.

“ఇంట్లో నా సంచి రోజూ ఇలాగే తీస్తానమ్మా. సంతలో నలుగురి ముందు సిగ్గేసి కొట్టతని చేతికే ఇచ్చేస్తాను. ఎంతుందో అతనే చూసుకుని, అతనే తీసుకుంటాడు” అనెను.

కొంతసేపు మిషన్ల చప్పుడు కూడ వినబడలేదు. తన పింఛను డబ్బును తాను లెక్కపెట్టుకొనుటకు ముందే పరాయివాడు చూచుట, వాడు ఎంత తీసికొన్నాడో అడుగుటకు మొగమాటపడుట, ఎంత కష్టము! ఆ మధ్యాహ్నము ఆమె చేతులనే మాకు పరీక్షకులుగా పెట్టుకొంటిమి.

అయస్కాంతపు గుండీని ఆమె అరచేతి అంచుతో తేలికగా తెరచెను. అయితే మా సంఘ పెద్దలలో ఒకరి రొమ్మున పేస్‌మేకరు ఉన్నది. అయస్కాంతమును అట్టి యంత్రమునకు 15 సెంటీమీటర్లకంటె దగ్గరగా ఉంచకూడదని వైద్యులు చెప్పుదురు. వృద్ధులు సంచిని రొమ్మునకే హత్తుకొని నడుతురు. పైగా ఊడివచ్చిన అయస్కాంతములను పసిపిల్లలు రెండు మ్రింగినయెడల, అవి లోపల ఒకదానినొకటి లాగుకొని ప్రేగులకు ప్రాణాపాయము కలిగించును. కాబట్టి వాటిని మానితిమి. వెల్క్రో సంచి ఆమెకు తెరచుకొనెను గాని, మూయునప్పుడు పట్టీలు వంకరగా అతుకుకొనెను. ప్రార్థన నడుమ ఎవరైన దానిని తెరచినయెడల ఏమగునోయని ఒకామె ఆ చప్పుడు చేసి చూపగా అందరము నవ్వితిమి.

చివరకు జిప్పు మిగిలెను. దాని లాగుడు ముక్క గోరంతయైనను లేదు. ఆమె వ్రేళ్లకు అది చిక్కదు. ఒకతె దానికి ఇనుప వలయము తగిలింతమనెను. స్పర్శలేని వ్రేలిని ఇనుము ఒరసి గాయము చేసినను ఆమెకు తెలియదు, తెలియని గాయమే పుండగును. అందుచేత వెడల్పైన మెత్తని గుడ్డపట్టీని మడిచి, బొటనవ్రేలు దూరునంత ఉచ్చుగా దానికి కట్టితిమి. జిప్పు ఆరంభమగు కొనను ఇంకొక ఉచ్చు కుట్టితిమి. ఆమె దానిని ఎడమ మణికట్టుకు తగిలించుకొని, కుడిచేతి బొటనవ్రేలితో రెండవదానిని లాగెను. సంచి తెరచుకొనెను. ఎడమచేతిని కదలనీయక సంచిని మోకాలికి ఆనించి, తిరిగి మూసెను. మూడుసారులు తెరచి మూసిన తరువాత, ఏమియు అనకుండ, తన పాత సంచిలోని డబ్బును దానిలోనికి మార్చుకొనెను.

ఇట్టి జిప్పునకును పట్టీలకును సంచికి 12 రూపాయల చొప్పున, మొత్తము 480 రూపాయలు ఎక్కువ కావలసివచ్చెను. మా పెట్టెలో అంత మిగులు లేదు. లేసు అంచు మానినయెడల ఆ సొమ్ము మిగులును. “అంచు లేకపోతే బోసిగా ఉంటాయక్కా” అని లేసు అల్లు పిల్ల బాధపడెను. ఆమె అప్పటికే కొంత అల్లియుండెను. ఎవరును ఆమెను బలవంతము చేయలేదు. మరునాడు ఆమెయే దారపు ఉండలు అంగడిలో తిరిగి యిచ్చి, జిప్పులు తెచ్చెను. పండుగ దినమున 40 సంచులును అంచులేకయే పంచబడెను. కీళ్లవాతముగల తాతలును అవ్వలును ఆ ఉచ్చులను చూచి, ఎందుకని అడుగకయే వ్రేలు దూర్చి లాగిరి.

మామ్మగారు ఇప్పుడు సంతలో తన డబ్బు తానే తీసి యిచ్చుచున్నారు. వంకాయల బేరములో ఆమెతో గెలుచుట కష్టమని కూరల అమ్మి నాతో ఫిర్యాదు చేసినది.

చదువరులారా, మీరు ఇతరులకొరకు సంచి కుట్టునప్పుడు, అంగడిలో గుండీ కొనకముందు ఈలాగు చేయుడి. మీ రెండు చేతులకును గుడ్డ చుట్టుకొని, కన్నులు మూసికొని, ఆ మచ్చును తెరచి మూయుడి. ఈ పరీక్షకు అర నిమిషము చాలును. ఆ తరువాత రంగును అంచును చూచుకొనవచ్చును.