పాలెం కాలేజీ నుంచి నడిగడ్డ సీడ్ పత్తి దాకా: వ్యవసాయ విద్యార్థి చివరి ఏడాది

బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్ నాలుగేళ్ల చదువు. మొదటి మూడేళ్లు తరగతి గది, ప్రయోగశాల, కాలేజీ పొలం మధ్య గడుస్తాయి. నాలుగో ఏడాది విద్యార్థి పెట్టె సర్దుకొని ముందు పల్లెకు, అక్కడి నుంచి పరిశోధన కేంద్రానికి, ఆ తర్వాత ఏ విత్తన సంస్థకో, మందుల కంపెనీకో వెళ్లాలి. ఈ ఏడాదికి ప్రభుత్వం పెట్టిన పేరు 'స్టూడెంట్ రెడీ'. 2015 జులై 25న పట్నాలో ప్రధానమంత్రి దీన్ని ప్రారంభించారు. భారత వ్యవసాయ పరిశోధన మండలి నియమించిన ఐదో డీన్ల కమిటీ సిఫార్సులతో 2016-17 నుంచి ఇది పాఠ్యప్రణాళికలో చేరింది. విద్యార్థులు మాత్రం పాత అలవాటు ప్రకారం 'రావెప్‌కు (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమానికి) పోతున్నాం' అనే అంటారు. ఊళ్లలో రైతులకూ ఆ మాటే తెలుసు.

2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపోయిన నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఈ ఏడాదికి చక్కగా సరిపోయే నేల. నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలం పాలెంలో వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం మూడూ ఉన్నాయి. పాలమూరు ఎర్ర చెలకల్లో పండే ఆముదానికి పీసీహెచ్-111 వంటి సంకరాలను ఇచ్చింది ఈ పరిశోధన స్థానమే. వనపర్తి జిల్లా మోజెర్లలో ఉద్యాన కళాశాల ఉంది. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్నందుకు నడిగడ్డ అని పిలిచే గద్వాల ప్రాంతం పత్తి విత్తనానికి దేశమంతటా పేరుపడింది. చదువు చెప్పే చోటు, పంట పండే చోటు, ఆ పంట సరుకుగా మారే చోటు ఇంత దగ్గరగా ఉండడం అరుదు.

ఏడో సెమిస్టరులోని 20 వారాల పంపకం ఇలా ఉంటుంది: పరిచయ శిక్షణకు ఒక వారం, పల్లెలో 8 వారాలు, పరిశోధన స్థానం లేదా కృషి విజ్ఞాన కేంద్రంలో 5, మొక్కల క్లినిక్‌లో 2, పరిశ్రమలో 3, నివేదిక రాయడానికి చివరి వారం. ఆరు నెలల పాటు నెలకు 3,000 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. పల్లెలో అద్దె గది, గ్యాస్ పొయ్యి, పొలాలకు తిరిగే ఖర్చు దాంతోనే సర్దుకోవాలి.

పల్లె మజిలీ మొదట్లోనే ఊరి పటం గీస్తారు. పంచాయతీ ఆఫీసు ముందరో, బడి ఆవరణలోనో నేల ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గుపిండితో హద్దులు గీసి రంగులు నింపుతారు. రోడ్లు, చెరువు, గుడి, నీళ్ల ట్యాంకు, బోర్లు, నల్లరేగడి ఒక రంగు, ఎర్ర చెలక ఇంకో రంగు. చూసేవాళ్లకు పండగ ముగ్గులా ఉంటుంది. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. నాగర్‌కర్నూల్ వైపు ఒక పల్లెలో విద్యార్థులు పటంలో బోర్లన్నీ నీలం చుక్కలతో గుర్తుపెట్టారు. చుట్టూ చేరిన ఆడవాళ్లు ఒక్కో చుక్క దగ్గర ఆగి, ఇది ఎండిపోయి రెండేళ్లయింది, ఇది ఎండాకాలం పోయదు అని చెబుతుంటే, నీలం చుక్కల మీద ఎరుపు పొడి పడుతూ వచ్చింది. రెవెన్యూ లెక్కలో ఉన్న ఊరు, బతుకుతున్న ఊరు వేరు వేరని విద్యార్థికి తెలిసే మొదటి చోటు ఇదే. ఊరి పుట్టుపూర్వోత్తరాలు, పంటల క్యాలెండరు, సమస్యల చెట్టు వంటి మిగతా పటాలు నివేదిక కోసం గీసినట్టే ఎక్కువగా కనిపిస్తాయి.

ఒక్కో విద్యార్థికి ఒక్కో రైతును అప్పగిస్తారు. పొద్దున ఆ రైతు పొలంలో పని, సాయంత్రం లెక్కలు: ఎకరాకు కూలీ ఎంత, ఎరువులకు ఎంత, అప్పు ఎవరి దగ్గర, వడ్డీ ఎంత. వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో యాసంగి వేరుశనగ పెద్ద పంట. విత్తే ముందు గింజలకు మందు పట్టించడం, ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయించడం విద్యార్థులు చేసి చూపే పనుల్లో ముఖ్యమైనవి. ఈ రెండూ పుస్తకంలో రెండు వాక్యాలు. పొలంలో మాత్రం జిప్సం బస్తాలు దొరకాలి, ట్రాక్టరు దొరకాలి, సరిగ్గా ఆ వారం కూలీలు దొరకాలి. మంచి సలహా పాటించని రైతును మొండివాడు అనుకునే అలవాటు ఎనిమిది వారాల్లో పోతుంది. ఈ కార్యక్రమం చేసే అన్ని మేళ్లలో ఇదే గొప్పది.

మొక్కల క్లినిక్‌లో రైతులు తెచ్చిన ఆకు, కాయ, వేరు చూసి తెగులు చెప్పాలి. వేరుశనగలో ఆకుమచ్చ, కాండం కుళ్లు, పత్తిలో రెక్కలు విచ్చుకోని గుడ్డి పూలు వస్తుంటాయి. గుడ్డి పువ్వు విప్పితే లోపల గులాబీ రంగు పురుగు. మోజెర్ల ఉద్యాన విద్యార్థులకు ఇదే తరహా ఏడాది పండ్ల తోటల్లో, కూరగాయల మళ్లలో సాగుతుంది. కొల్లాపూర్ మామిడి తోటలు వారికి దగ్గర్లోనే ఉన్నాయి. కొమ్మ కత్తిరింపులు, పండు ఈగ ఎరలు, కార్బైడ్ లేకుండా ఇథిలీన్‌తో పండ్లు మాగబెట్టడం అక్కడ నేర్చుకోదగినవి.

ఇక నడిగడ్డ. గట్టు, మల్దకల్, ధరూర్, కేటీదొడ్డి, అయిజ మండలాల్లో 'సీడ్ పత్తి', అంటే విత్తనం కోసం పండించే సంకర పత్తి, అన్న మాట వినని ఇల్లు ఉండదు. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రం నుంచి సి.టి. పటేల్ ప్రపంచంలోనే మొదటి వాణిజ్య పత్తి సంకరం హెచ్-4 విడుదల చేశారు. సంకర విత్తనం తయారుకావాలంటే ప్రతి పువ్వునూ చేత్తో సంకరం చేయాలి, దీన్నే క్రాసింగ్ అంటారు. ఆ చేతిపని కోసమే కంపెనీలు ఇటువైపు వచ్చాయి. కంపెనీ ఆడ, మగ మూల విత్తనాలను ఆర్గనైజరు అనే మధ్యవర్తికి ఇస్తుంది, ఆర్గనైజరు రైతుకు ఇస్తాడు. పెట్టుబడి అప్పూ చాలాసార్లు ఆర్గనైజరుదే. పంట తిరిగి ఆ దారిలోనే పోతుంది.

క్రాసింగ్ కాలంలో పొలానికి వెళ్తే పని తీరు స్పష్టంగా కనిపిస్తుంది. మగ మొక్కలు ఒక పక్క కొద్ది సాళ్లు, మిగతాదంతా ఆడ మొక్కలు. మధ్యాహ్నం తర్వాత కూలీలు ఆడ సాళ్లలో దిగి, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకొని, అడుగున బొటనవేలి గోటితో గీటు పెట్టి, రెక్కలతో పాటు పుప్పొడి తిత్తుల తొడుగును ఒలిచేస్తారు. నడుమ కీలాగ్రం ఒక్కటే నిలుస్తుంది. దూరం నుంచి తెలిసేలా దానికి ఎర్ర కాగితపు గుర్తు తగిలిస్తారు. మర్నాడు పొద్దున మగ పువ్వులు కోసుకొచ్చి, గుర్తున్న ప్రతి కీలాగ్రానికీ పుప్పొడి రుద్దుతారు. దాదాపు రెండు నెలలు రోజూ ఇదే. ఆ గడువు దాటాక వచ్చే మొగ్గలన్నీ గిల్లేయాలి, లేదంటే స్వపరాగ సంపర్కంతో కాయలు కాసి విత్తనం కల్తీ అవుతుంది. గోరు గీటు నేర్చుకుంటున్న ఒక విద్యార్థినికి పక్క సాలులోని పెద్దామె చెప్పిన మాట: "గోరు లోపలికి దిగనియ్యకు బిడ్డా, పిందె తెగితే కాయ రాలుతది." పాఠ్యపుస్తకంలో 'డోక్ పద్ధతి' కింద ఉన్న పేరా మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

ఈ పొలాలకు ఒక చేదు గతమూ ఉంది. చిన్న వేళ్లు మొగ్గను నలపకుండా ఒలుస్తాయని, కూలి తక్కువని, ఏళ్ల తరబడి ఆడపిల్లలను బడి మాన్పించి ఈ పనికి తెచ్చారు. 2016లో సవరించిన చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది, సొంత కుటుంబ పనికి బడి వేళల తర్వాత మాత్రం సడలింపు ఇచ్చింది. విద్యార్థులు చేసే సర్వేలో కూలి రేటుతో పాటు కూలీల వయసు, బడి వివరం తప్పనిసరిగా ఉండాలి. విత్తన స్వచ్ఛత కొలిచే శాస్త్రం, ఆ విత్తనం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కూడా రాసిపెట్టాలి.

పరిశ్రమలోని మూడు వారాలు ఈ పొలం తర్వాతి అంకం. జిన్నింగులో దూది వేరయ్యాక గింజకు అంటుకున్న నూగును సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పోగొడతారు. కడిగేటప్పుడు నీటిపై తేలే గింజలు తాలువి, మునిగినవే పనికొచ్చేవి. ఆరబెట్టి, మందు పట్టించి, 475 గ్రాముల బీటీ ప్యాకెట్లలో నింపుతారు. 2025కు కేంద్రం నిర్ణయించిన ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. ప్రయోగశాలలో తడి కాగితం చుట్టల్లో గింజలు పెట్టి నాలుగో రోజున ఒకసారి, పన్నెండో రోజున మరోసారి మొలకలు లెక్కిస్తారు. అన్నిటికన్నా కీలకం జన్యు స్వచ్ఛత పరీక్ష. నమూనా గింజలను విత్తి, మొక్కలు పెరిగాక చూసి తేల్చాలి. సంకర పత్తికి ఇది కనీసం 90 శాతం ఉండాలి. ఈ ఫలితం రావడానికి నెలలు పడుతుంది. అందాకా రైతు లెక్క పూర్తిగా తేలదు. పరీక్షలో తప్పితే రెండు నెలల గోటి కష్టం మామూలు పత్తి ధరకు దిగిపోతుంది. ప్రయోగశాలలో శాతం లెక్కించే విద్యార్థికి, ఆ శాతం మీద ఎవరి అప్పు తీరుతుందో తెలియకపోతే శిక్షణ సగమే.

ఎనిమిదో సెమిస్టరు కాలేజీలోనే చిన్న వ్యాపారాలు నడపడం. విత్తనోత్పత్తి, పుట్టగొడుగులు, తేనెటీగలు, జీవ ఎరువులు, నేల పరీక్ష వంటి వాటిలో రెండు ఎంచుకోవాలి. కొనడం, అమ్మడం, లెక్క రాయడం అన్నీ విద్యార్థులే చేస్తారు. పుట్టగొడుగులు పండించడం కన్నా వాటిని పాడవకముందే అమ్మడం కష్టమని ఇక్కడే తెలుస్తుంది.

చదువును, పనిని జోడించే పద్ధతికి 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ రూపమిచ్చారు. అక్కడ ఇంజినీరింగ్ విద్యార్థులు కొంతకాలం కార్ఖానాలో, కొంతకాలం తరగతిలో గడిపేవారు. మన దేశంలో 1961 అప్రెంటిస్ చట్టం కింద డిప్లొమా పూర్తిచేసిన కుర్రవాడు ఏడాది పొడవునా పరిశ్రమలో ఉండే వీలుంది. వ్యవసాయ విద్యార్థి ఏడాదిలో పరిశ్రమకు దక్కేది మూడు వారాలే. ఇది చాలదు. సీడ్ పత్తి కథ మూల విత్తనంతో మొదలై జన్యు స్వచ్ఛత ఫలితంతో ముగుస్తుంది. మూడు వారాల్లో అందులో ఒక అంకమే కనిపిస్తుంది.

క్రాసింగ్ సాగే వర్షాకాలం, ఏడో సెమిస్టరు ఎలాగూ కలిసే వస్తాయి. పాలెం నుంచి గద్వాల బస్సులో పోయి రాగలిగినంత దూరం. విశ్వవిద్యాలయం, విత్తన సంస్థలు కూర్చుని పల్లె మజిలీలో కొన్ని వారాలను నడిగడ్డకు మార్చి, ఒక్కో విద్యార్థికి ఒక్కో సీడ్ పత్తి రైతును అప్పగించి, చివరి చెల్లింపు దాకా ఆ లెక్క రాయించాలి.