గేటుకు తాళం లేని హోం

విజయవాడ స్టేషన్లో ఇల్లు వదిలి వచ్చిన కుర్రాణ్ని పోల్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. చేతిలో సంచీ ఉండదు. బండి దిగినవాళ్లంతా బయటికి నడుస్తుంటే వాడు మాత్రం ప్లాట్‌ఫాం చివరికి పోతాడు. చెన్నై, హౌరా, ఢిల్లీ, హైదరాబాదు దారులన్నీ కలిసే జంక్షన్ కాబట్టి ఎక్కడ బండెక్కినవాడైనా ఇక్కడ తేలవచ్చు. ఖాళీ బాటిళ్లు ఏరడమో, చొక్కా విప్పి బోగీ తుడవడమో నాలుగు రోజుల్లో నేర్చుకుంటాడు. మత్తు కోసం సొల్యూషన్ పీల్చడం నేర్పేవాళ్లూ అక్కడే ఉంటారు. అందుకే వాడు ఆ చివరికి చేరకముందే పలకరించాలి.

మా హోంలో వార్డెన్‌గా నా పని ఆ పలకరింపు తర్వాత మొదలవుతుంది. ముందు స్నానం, తర్వాత అన్నం, ఆ పైనే పేరు. మొదటి రోజు చెప్పే పేరు, ఊరు చాలావరకు అబద్ధాలే. తెలిసే రాసుకుంటాం. నిలదీస్తే ఇంకో అబద్ధం వస్తుంది తప్ప ఊరు బయటికి రాదు. ఒకడు తనది తెనాలి అన్నాడు. రాత్రి మా వంటక్క మళ్లీ అన్నం పెట్టబోతే, "సాలు, తినీసినాను" అని చెయ్యి అడ్డం పెట్టాడు. వంటక్కది పలాస. గరిటె అలాగే పట్టుకుని, "తెనాల్లో ఇలాగ మాటాడతారేటిరా?" అంది. వాడు తల దించుకున్నాడు, ఆ వెంటనే నవ్వేశాడు. మర్నాడు వాళ్ల మేనమామ ఫోన్ నంబరు వాడే చెప్పాడు, నాకు కాదు, ఆవిడకి.

చట్టం మాకు అంత తీరిక ఇవ్వదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, ప్రయాణ సమయం తీసేసి, ఇరవై నాలుగు గంటల్లో పిల్లవాణ్ని బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు పరచాలి. ఇంటికి పంపాలా, హోంలో ఉంచాలా అన్నది కమిటీ తేలుస్తుంది. దానికోసం ఇంటి పరిస్థితి చూసి రిపోర్టు రాయాలి. తల్లి ఏడుస్తూ వచ్చింది కదా అని పంపేస్తే, వాణ్ని బెల్టుతో కొట్టిన మనిషి ఆ ఇంట్లోనే ఉండొచ్చు. మార్కులు తక్కువొచ్చాయని భయపడి వచ్చినవాణ్ని వారంలో పంపేయొచ్చు, అది వేరే సంగతి. పిల్లల పేర్లు, ఫొటోలు పత్రికల్లో రాకూడదని కూడా అదే చట్టం చెబుతుంది. పుట్టినరోజు కేకుతో వచ్చే దాతలకు ఈ ముక్క రుచించదు. కేకు పిల్లల దగ్గరికి, ఫోన్లు ఆఫీసు బల్ల మీదికి అంటాను. కొందరు మళ్లీ రారు. పోనీ.

మా హోం నడిచే పద్ధతికి మూలం ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఉంది. 1841లో కతోలిక గురుపట్టం అందుకున్న డాన్ బోస్కో అక్కడి జైళ్లకు వెళ్లి, విడుదలై మళ్లీ అక్కడికే చేరుతున్న కుర్రాళ్లను చూశాడు. పల్లెల నుంచి వచ్చి తాపీ పనిలో, పొగగొట్టాలు తుడిచే పనిలో పడ్డ పిల్లల్ని ఆదివారాలు ఆటలకు పోగుచేశాడు. 1846లో వాల్దొక్కోలో ఒక షెడ్డులాంటిది దొరికింది. వంటకు, బట్టలకు ఆయన తల్లి మార్గరీత వచ్చింది. మొదట్లో రాత్రి పడుకోనిచ్చిన కుర్రాళ్లు తెల్లారేసరికి దుప్పట్లతో సహా ఉడాయించారట. మా స్టోరు రూములో దుప్పట్ల లెక్క తప్పినప్పుడల్లా అది గుర్తొచ్చి నాకు నవ్వొస్తుంది. 1852లో ఒక వడ్రంగితో ఆయన రాయించిన ఒప్పందం మాత్రం నవ్వులాట కాదు. పని నేర్చుకునే కుర్రాణ్ని మాటతో దిద్దాలి గానీ కొట్టకూడదు, పండగ రోజుల్లో పని చెప్పకూడదు అని అందులో ఉంది. ఆయన స్థాపించిన సలేషియన్ సభవారే 1989లో విజయవాడలో నవజీవన్ బాలభవన్ మొదలుపెట్టారు.

తప్పు చేశాక శిక్షించడం కన్నా, తప్పు చేసే సందు లేకుండా పెద్దవాళ్లు పిల్లల మధ్యే ఉండాలన్నది ఆయన పద్ధతి. వినడానికి తేలిక. చేయాలంటే సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా గ్రౌండులో నిలబడాలి. కబడ్డీలో ఎవడు ఎవణ్ని కావాలని మోకాలితో పొడిచాడో, ఎవడు ఆటకి రాకుండా ట్యాంకు వెనక కూర్చున్నాడో ఆఫీసు కిటికీలోంచి కనపడదు. పగలు మా గేటుకు తాళం వేయం. గోడ దూకడం మా పిల్లలకు కొత్త విద్య కాదు, కదిలే బండి ఎక్కి దిగినవాళ్లు. తాళం పెడితే వాళ్లకు అదే ఆటవుతుంది. వాచ్‌మన్ మాత్రం ఉంటాడు. వెళ్లేవాడు ఆయనతో ఒక మాట మాట్లాడకుండా వెళ్లలేడు, ఆ మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆగనివాళ్లనీ చూశాను. వెంటనే పోలీసులకు, కమిటీకి చెబుతాం, స్టేషన్లో మళ్లీ వెతుకుతాం.

ఊళ్లో ఒక బడి "హోం పిల్లలు" అనగానే సీట్లు లేవంది. ఇంకో బడి తీసుకుంది. టీసీ లేనివాడికి, ఆధార్ లేనివాడికి కాగితాలు పుట్టించడానికి నేను పిల్లలతో గడిపినంత సమయం ఆఫీసు వరండాల్లో గడిపాను. పదో తరగతి గట్టెక్కినవాళ్లలో కొందరు ఐటీఐకి, కొందరు మెకానిక్ షెడ్లకి వెళ్తారు. పద్దెనిమిది నిండాక కూడా ఇరవై ఒకటి దాకా ఆసరా ఇవ్వొచ్చని చట్టంలో ఉంది. ఆచరణలో అసలు చిక్కు అద్దె గది దగ్గర వస్తుంది. ఇంటి ఓనరు మొదట అడిగేది తండ్రి ఫోన్ నంబరు. మావాళ్లు నాది ఇస్తారు. ఫిట్టరుగా చేరిన ఒకడి ఓనరు మొన్న ఫోన్ చేసి, అద్దె పదో తారీఖు దాటింది, మీ అబ్బాయికి కాస్త చెప్పండి అన్నాడు. చెప్తానండీ అన్నాను. వాడికి ఫోన్ చేసి తిట్టాను కూడా.