మన ఫోల్డర్‌లోకి ఎవరి పేరుతో వస్తున్నారు?



మా హాస్టల్‌లో ఉన్నది ఒకటే డెస్క్‌టాప్. అందులో లైనక్స్, దాని లోపల ప్రాక్టికల్స్ కోసం వర్చువల్ మెషిన్లు. బయటి సిస్టమ్‌కీ లోపలి మెషిన్‌కీ మధ్య ఫైళ్ళు మార్చుకోడానికి ఒక షేర్డ్ ఫోల్డర్. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. స్కాలర్‌షిప్‌కైనా, సీటుకైనా నా చేతిలో ఉన్నవి కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం స్కాన్లే. వాటిని ఎవరు తెరవగలరో తెలియాలి కదా అని ఈ షేర్డ్ ఫోల్డర్ల సంగతి చదివాను.

వర్చువల్ మెషిన్ లోపలి యూజర్ బయటి డిస్క్‌ను నేరుగా ముట్టుకోడు. మధ్యలో ఒక ప్రోగ్రామ్ ఉండి, అతను అడిగిన ఫైలును బయట తనే తయారుచేస్తుంది. వర్టియో-ఎఫ్ఎస్ పద్ధతిలో దాని పేరు వర్టియోఎఫ్ఎస్‌డి. అది రూట్ అధికారంతో నడిచేటప్పుడు, పనికి ముందు తన హోదా పక్కనబెట్టి అడిగినవాడి యూజర్ నంబరు, గ్రూప్ నంబరు వేసుకోవాలి.

2022లో బయటపడిన సీవీఈ-2022-0358 లోపం ఇక్కడే ఉంది. ఆ ప్రోగ్రామ్ రెండు నంబర్లూ మార్చుకుంది గానీ, తనకున్న అదనపు గ్రూపుల సభ్యత్వం వదల్లేదు. ఆఫీసు తాళాలున్న మనిషి మన చీటీ పట్టుకుని వెళ్ళినట్టు. చీటీ మనది, తలుపు తెరిచేది అతని తాళం.

దీంతో ఏమవుతుందంటే, సెట్‌జిఐడి పెట్టిన ఫోల్డర్‌లో పుట్టిన ఫైలుకు ఆ ఫోల్డర్ గ్రూపే వస్తుంది. ఆ గ్రూపులో లేనివాడు సెట్‌జిఐడి గుర్తుతో ప్రోగ్రామ్ ఫైలు పెట్టబోతే కెర్నల్ ఆ గుర్తు తీసేయాలి. ఇక్కడ మధ్యవర్తిని చూసి, సభ్యుడే కదా అని వదిలేసింది. ఆ ఫోల్డర్ గ్రూపు రూట్‌దైతే, మామూలు యూజర్ కూడా రూట్ గ్రూపు అధికారంతో నడిచే ఫైలు చేసుకోగలడు. దిద్దుబాటు చిన్నదే. పనికి ముందు అదనపు గ్రూపులన్నీ వదిలేయాలి, అంతే.

1/70 చట్టం ఉన్న మన ఏజెన్సీలో ఇది కొత్త మాట అనిపించదు. కాగితం మీద పేరు గిరిజనుడిది, పొలంలో పెత్తనం ఇంకొకరిది. అడిగింది ఎవరు, ఎవరి అధికారంతో పని జరుగుతోంది అని రెండూ చూడాలి.

లైనక్స్ మెషిన్లు వాడే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అప్‌డేట్లు ఆపకండి. షేర్డ్ ఫోల్డర్‌లో రాసే పని లేకపోతే చదవడానికి మాత్రమే ఇవ్వండి. అనుమతుల వరుసలో గ్రూపు దగ్గర ఎస్ అక్షరం కనిపిస్తే అది ఎందుకుందో అడగండి. ధ్రువపత్రాలు మాత్రం ఆ ఫోల్డర్‌లో పెట్టొద్దు. మళ్ళీ తీసుకోవాలంటే ఎన్నిసార్లు మండలాఫీసు చుట్టూ తిరగాలో మనకు తెలుసు.